వెండిరంగు పూసిన జర్మన్ దుర్బీను

ఈ సంవత్సరం జనవరి పద్నాలుగు, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలు. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఈశాన్యం నుంచి సన్నని చలిగాలి తెరిపి లేకుండా వీస్తున్నది. గాలిపటాలు ఎగరేసేవారికి అంతకంటె మంచి గాలి ఉండదు. సూరత్ నవాగామ్‌లోని మా తెలుగు సంఘం భవనంలో కింది గదికి తాళం తీయించి, మూలన ఉన్న వస్తువు మీది బొంతను నేనే తొలగించాను.

బొంత కింద ఉండవలసినది బూడిదరంగు జర్మన్ దుర్బీను. యుద్ధకాలంలో శత్రువిమానాలు ఎటు నుంచి వస్తున్నాయో ఆకాశంలో వెతకడానికి చేసినది. ఉన్నది మాత్రం పెళ్లిపందిరి స్తంభంలా తళతళలాడుతున్న వెండిరంగు వస్తువు. ముందరి రెండు పెద్ద అద్దాల మీదా పసుపు, పసుపు మధ్యన కుంకుమబొట్టు. నడుముకు జరీ దండ. దుర్బీనును నిలబెట్టిన ఇనుప చక్రం అంచున ఉలితో కొట్టిన అరవై గీతలు ఉండాలి. ఒక్కటి కూడా లేదు. వేలు పెట్టి తడిమాను. అద్దంలా నున్నగా ఉంది.

అది ఇక్కడివాళ్లు ఉత్తరాయణం అనే సంక్రాంతి పండుగ ఉదయం. సాయంత్రం ఆరింటికల్లా ఆ దుర్బీను మా మేడ మీద ఉండాలి, దానిలోంచి ఆకాశం కనబడాలి. కనబడకపోతే ప్రాణాలు పోతాయి. ఎవరి ప్రాణాలో చెప్పాలంటే, ముందుగా దాని యజమాని గురించి చెప్పాలి. ఆయన కిందటి ఆగస్టులో చనిపోయాడు.

పేరు రాయను. బతికి ఉండగా కూడా ఆయనను పేరుతో పిలిచినవారు లేరు. పెద్దలకూ పిల్లలకూ ఆయన దుర్బీన్ మామ. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఇక్కడ సాంచెలు బాగుచేసే మిస్త్రీగా పనిచేశాడు. మరమగ్గాలను మావాళ్లు సాంచెలనే అంటారు. ఎప్పుడు వచ్చాడు, ఎన్నేళ్లు చేశాడు అన్నది నాకు రూఢిగా తెలియదు. ఆయన చెప్పిన సంవత్సరాలు ఒకదానితో ఒకటి పొసగవు. రైల్వే ఆడిట్‌లో తలపండినవాణ్ణి; పొసగని సంవత్సరాలను కాగితం మీద పెట్టలేను. కళ్లారా చూసినదే రాస్తాను.

దుర్బీను విషయంలోనూ అంతే. భావ్‌నగర్ అవతల ఓడలు విరగ్గొట్టేచోట తుక్కులో దొరికిందనేవాడు. అది నమ్మదగినదే. "జర్మనీ రాజు దీంట్లకెల్లి సూసిండు సారూ. ఆయన కనుబొమ్మ ఎంట్రుక గూడ దొర్కింది నాకు" అని కూడా అనేవాడు. అది నమ్మలేదు. దాని మీద చెక్కి ఉన్నవి 10 × 80 అన్న అంకెలు, మూడు చిన్న అక్షరాలు, ఒక వరుససంఖ్య. పది రెట్లు దగ్గరగా చూపుతుంది. ముందరి అద్దం ఒక్కొక్కటి ఎనభై మిల్లీమీటర్లు. కళ్లు ఆనించే గొట్టాలు పైకి వంగి ఉంటాయి. మెడ విరవకుండా, నిటారుగా నిలబడి గంటల తరబడి ఆకాశాన్ని చూడడానికి ఆ ఏర్పాటు. విమానాలను కూల్చడం కోసం అంత శ్రద్ధగా తయారుచేసిన వస్తువుతో ఈయన పక్షులను చూసేవాడు.

దొరికినప్పుడు దానికి కాళ్లు లేవట. పాత సాంచె నుంచి బీము చక్రం తెచ్చాడు. పడుగు దారం చుట్టే దూలానికి రెండు కొసలా ఉండే ఇనుప పళ్లెం అది. దానిని అడ్డంగా పరిచి, మధ్యన దుర్బీనును నిలిపి, అంచున గడియారానికి ఉన్నట్టు అరవై గీతలు కొట్టాడు. దుర్బీనును ఎటు తిప్పితే కింద ముల్లు అటు ఉన్న గీత మీద నిలిచేది. ముప్పై ఏడు అంటే సెల్‌ఫోను టవరు. పన్నెండు అంటే రైలు పట్టాల పక్క చింతచెట్టు. నలభై ఆరు నీళ్ల ట్యాంకు. పక్షులను కాపాడే వలంటీర్లకు ఈ అంకెలు కంఠస్థం.

ఉత్తరాయణం రెండు రోజులూ సూరత్ ఆకాశమంతా దారమే. గాజుపొడి పట్టించిన మాంజా. తెగిన దారం చెట్లకు, కరెంటు తీగలకు, టవర్లకు వేలాడుతుంది. సాయంత్రం తాపీ నది మీదుగా గూళ్లకు మళ్లే కొంగలు ఆ దారానికి వేలాడతాయి. వాటిని దించడానికి మా వైపుకు వచ్చే పొడుగు నిచ్చెన బండి ఒక్కటే. అది ఒక చోట నిలిచి, పక్షిని దించి, మరో చోటికి కదలడానికి అరగంట పడుతుంది. కాబట్టి ప్రశ్న ఒక్కటే: వేలాడేవాటిలో ఏది బతికి ఉంది? మామూలు కంటికి బతికినదీ చచ్చినదీ ఒకే తెల్లచుక్క. చచ్చినదాని దగ్గరికి నిచ్చెనను పంపితే, ఆ అరగంటలో బతికినది చస్తుంది.

ఆ తేడా చెప్పగలిగినవి ఆ పెద్ద అద్దాలు. చీకటి పడేవేళ మిగిలిన కొద్ది వెలుతురును కూడా అవి పట్టుకుంటాయి. "పొద్దు గూకినంక ఇర్వై నిమిషాలు మనయి సారూ. అప్పుడు లోకమంత గుడ్డిది. మనం గాదు" అనేవాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో కనిపించిన గర్వం నాకు నచ్చేది కాదు. కాని గడియారం పెట్టి చూశాను. ఇరవై రెండు నిమిషాలు.

మా తొలి పరిచయం ఒక ఫిర్యాదుతో మొదలైంది. మేడ మీద పెద్ద దుర్బీను పెట్టి పక్క మేడల మీది ఆడవాళ్లను చూస్తున్నాడని మూడు కుటుంబాలవారు మా బిల్డింగు సెక్రటరీనైన నాకు చెప్పారు. అది కూడా ఉత్తరాయణం సాయంత్రమే. ఇద్దరిని వెంటబెట్టుకుని మెట్లెక్కాను. ఆయన వెనక్కి తిరగలేదు.

"ఎవలు?"

"ఈ బిల్డింగు సెక్రటరీని."

"సెక్రటరీవైతె మెల్లగ నడువు. దుర్బీన్ అదుర్తది."

నేను నోరు తెరిచేలోగా నా మెడ పట్టుకుని గొట్టాల మీదికి వంచాడు. నాతో అంత మొరటుగా అంతకుముందు ఎవరూ ప్రవర్తించలేదు. కసిరేవాణ్ణే. కాని అద్దంలో ఒక గద్ద తలకిందులుగా, చేయి చాస్తే అందేటంత దగ్గర వేలాడుతున్నది. రెక్క కొస నుంచి నెత్తురు బొట్టు బొట్టుగా జారుతున్నది.

"ఏం కనబడ్తుంది?"

"గద్ద."

"గద్ద అని నాగ్గూడ తెల్సు. బతికుందా, సచ్చిందా?"

"రెక్క కదులుతున్నది."

"రెక్కను నమ్మొద్దు సారూ. రెక్కను గాలి ఆడిస్తది. ముక్కు జూడు, ముక్కు."

చూశాను. చాలాసేపటికి ఆ వంకర ముక్కు కొంచెం తెరుచుకుని మూసుకుంది.

"ముక్కు తెరిచింది."

"గట్టిగ జెప్పు!"

"తెరిచింది, ముక్కు తెరిచింది!" అని అరిచాను.

ఆయన ఫోనులో "సైంతీస్. జిందా హై. జల్దీ" అని, ముప్పై ఏడు మీద ఉన్నది బతికే ఉందని మూడే ముక్కల్లో చెప్పి, అప్పుడు మావైపు తిరిగాడు. "ఇగ జెప్పుండ్రి. ఎవల పెండ్లాన్ని జూసిన నేను?"

నా వెంట వచ్చిన ఇద్దరూ దిగిపోయారు. నేను దిగలేదు. మరుసటి సంవత్సరం నుంచి చక్రం మీది అంకె చదవడం నా పనైంది.

పనిలో ఉన్నప్పుడు ఆయనతో వేగడం కష్టం. మధ్యాహ్నం నుంచి చీకటి పడేవరకు పచ్చి నీళ్లు ముట్టేవాడు కాదు. ఎవరైనా పండుగ కూర ఉంధియూ పళ్లెం అందిస్తే కన్ను తిప్పకుండానే మోచేత్తో తోసేవాడు. దుర్బీనును ఎవరు తాకబోయినా చేతి మీద దెబ్బ పడేది, నాకూ పడింది. తుడవడానికి భార్య పాత నూలుచీర ముక్క ఒక్కటే. దానిని ఆమె ఉడకబెట్టి ఆరబెట్టి ఇవ్వాలి. ఒక దసరాకు ఆమె సాంచెలకు పెట్టినట్టే అద్దాలకు బొట్టు పెట్టింది. ఆయన కేకలు మూడో అంతస్తులో ఉన్న నాకు వినిపించాయి.

"సాంచెకు పెడ్తం, బండికి పెడ్తం. దీనికెందుకు పెట్టొద్దు?" అన్నదామె.

"సాంచెకు కండ్లు లేవే! దీనికున్నయి. నీ కంట్ల కుంకుమ గొడ్తె ఊకుంటవా?"

"నా కండ్లను ఏనాడన్న గింత ముద్దుగ తుడ్సినవా?"

అప్పటినుంచి బొట్టు చక్రానికి పెట్టేవారు.

పక్క మేడ మీద పాటల పెట్టె మోగిస్తూ, పటం తెగినప్పుడల్లా కోసేశామంటూ "కాప్యో! కాప్యో!" అని గంతులేసే కుర్రకారుతో ఆయన గొడవ ప్రతి ఏడూ ఉండేది.

"ఓ భాయ్, జర ఆ మాంజా నీ మెడకు సుట్టుకోని సూడు, ఎట్ల కోస్తదో!"

"అరే కాకా, తెవ్‌హార్ హై! సాల్ మే ఏక్ బార్!"

"పండుగ నీకు. పిట్ట ఇంటికి వోతుంది."

ఎందుకు చేసేవాడో రెండు మూడుసార్లు అడిగాను. ఒక ఏడు తల్లి కల్లోకి వచ్చిందన్నాడు, మరో ఏడు డాక్టరు ఆకాశం చూడమన్నాడన్నాడు. ఇంకో ఏడు "నీకెందుకు, అంకె సదువు" అన్నాడు. ఆయన కూడా ఒకప్పుడు సీజనులో రోడ్డు పక్కన దారానికి గాజుపొడి పట్టించే కూలికి పోయేవాడని వాడలో అనుకునేవారు. అరచేతుల్లో అడ్డగీతల మచ్చలుండేవి. అవి గాజువో, సాంచె దారానివో నేను తేల్చలేను. తేల్చలేనిదాని మీద కథ అల్లను.

ఒకటి మాత్రం రాయాలి. నాలుగేళ్ల కిందట, చీకటి పడేవేళ, పన్నెండు మీద, చింతచెట్టుకు వేలాడుతున్న ఒక కొంగను చూసి "అయిపోయింది. ఇంకోటి" అన్నాడు. నిచ్చెన మరో చోటికి వెళ్లింది. మర్నాడు తెల్లవారి ఆయనే దుర్బీను తిప్పి చూస్తే ఆ కొంగ మెడ ఎత్తింది. బండి వచ్చేసరికి వాలిపోయింది. రాత్రంతా బతికి ఉన్నదన్నమాట. ఆయన అరుగు మీద కూర్చుని, తన రెండు కళ్లనూ అరచేతులతో అదిమి పట్టుకున్నాడు. అప్పటినుంచి పద్ధతి మార్చాడు. బతికి ఉందని చెప్పడానికి ఆయన ఒక్కడు చాలు. చచ్చిందని చెప్పాలంటే నేను కూడా చూసి ఒప్పుకోవాలి. "సచ్చిందని ఒక్కడు చెప్తె చెల్లదు సారూ. నాలుగు కండ్లు గావాలె." ఇంతకంటె న్యాయమైన నిబంధనను నా ముప్పై ఆరేళ్ల ఉద్యోగంలో నేను చూడలేదు.

ఆగస్టులో ఆయన పోయాడు. భార్య అమ్రోలిలో కూతురి దగ్గరికి వెళుతూ దుర్బీనును సంఘానికి అప్పగించింది. ఎందుకు అప్పగిస్తున్నదో అందరి ముందూ చెప్పింది: ఉత్తరాయణానికి మేడ ఎక్కించాలి. సంతాపసభలో మైకు పట్టుకున్న ప్రతివాడూ ఆ మాటే చెప్పాడు. తర్వాత దసరా వచ్చింది. నేను కంటి ఆపరేషనుకు హైదరాబాదు వెళ్లి ఉన్నాను.

సంఘం అధ్యక్షుణ్ణి ఆ ఉదయమే పిలిపించాను. నలభై ఏళ్లవాడు, సొంత కార్ఖానా ఉన్నవాడు. చేతిలో గాలిపటం దారం చుట్టిన చరఖాతోనే వచ్చాడు.

"ఇది ఎవరు చేశారు?"

"మేమే సారూ. మస్తుగ అయింది గదా?" అతని ముఖం వెలిగిపోయింది. "దసరాకు సాంచెలకు సిల్వర్ ఏస్తం గదా, మామ యాదికి దీనికి గూడ ఏసినం. మా కార్ఖానా స్ప్రే గన్నుతోని. పైస తీస్కోలే ఎవ్వలు."

"చక్రం మీద గీతలేవి?"

"మస్తు గీతలు పడ్డయి సారూ, ఖరాబ్ కనబడ్డది. గ్రైండర్ పెట్టి సాఫ్ చేసినం."

"అద్దాలు?"

"అద్దాలకు రంగు అంటొద్దని పేపర్ అతికిచ్చినం. గంజితోని. మనకు గంజికి కొదవనా?" అని నవ్వాడు. పడుగుకు పట్టించే గంజి అది. ఎండితే దారాన్ని ఇనుపతీగ చేస్తుంది. "ఎండినంక పేపర్ రాలేదు. బ్రష్షుతోని గీకినం."

సాంచె ఇనుము గీకే బ్రష్షు. గంటల తరబడి పెద్దగా అరవాలనిపించింది. ఒక్క మాటే వచ్చింది: "ఆయన ఉంటే నీ చేతులు విరగ్గొట్టేవాడు."

అతని ముఖం వాడిపోయింది. "గట్లంటరేంది సారూ? కొత్తదాని లెక్క చేసినం. మామ అంటె మాకు పాణం."

ఇదే నాకు మింగుడుపడనిది. దొంగ ఎత్తుకుపోయి ఉంటే పోలీసులకు చెప్పేవాణ్ణి. తుక్కుకు అమ్ముకుని ఉంటే నలుగురిలో నిలదీసేవాణ్ణి. వీళ్లు ప్రేమతో, సొంత ఖర్చుతో, సెలవురోజు పాడుచేసుకుని, ఒక చూపును పూర్తిగా నాశనం చేసి, దానికి దండ వేశారు. గీతలు ఎందుకున్నాయని ఒక్కడు అడగలేదు. ఆ వస్తువు ఏం పని చేసేదో తెలుసు. ఎలా చేసేదో తెలుసుకోవడం అవసరమని ఎవరికీ తోచలేదు.

నా కోపంలో సగం ఆయన మీద కూడా. ఉన్నన్నాళ్లూ ఎవరినీ ముట్టనివ్వలేదు. చెయ్యి చాచిన ప్రతి కుర్రవాణ్ణీ కొట్టి తరిమాడు. ఆ కుర్రవాళ్లే పెద్దవాళ్లై స్ప్రే గన్ను పట్టుకున్నారు. అద్దం అంటే ఏమిటో వాళ్లకు ఎవరు చెప్పారు గనక? ఆయన నేర్పినది దెబ్బ ఒక్కటే.

పదిన్నరకు ఆయన భార్య అమ్రోలి నుంచి ఆటోలో వచ్చింది, ఉడకబెట్టిన చీరముక్కలు సంచిలో పెట్టుకుని. దుర్బీనును చూసి ఏడవలేదు. చుట్టూ ఒకసారి తిరిగింది.

"పెండ్లికొడుకును జేసిండ్రు" అన్నది. తర్వాత కొంగు నడుముకు దోపింది. "అన్నా, ఉడుకు నీళ్లు తెప్పియ్యి. గంజి ఉడుకు నీళ్లకు దిగుతది. మిగిలింది తర్వాత జూద్దాం."

సాయంత్రం వరకు ఆమె కూర్చున్నచోటి నుంచి లేవలేదు. అధ్యక్షుడు తన చరఖా ఎక్కడో వదిలేసి, థిన్నరు తెచ్చి, గొట్టాల చుట్టూ రంగు తీస్తూ కూర్చున్నాడు. కెమెరాలు బాగుచేసే దుకాణాలు పండుగకు మూసి ఉన్నాయి. మూడింటికి ఎడమ అద్దం మీది గంజి వదిలింది. కింద బ్రష్షు గీతలు అడ్డదిడ్డంగా బయటపడ్డాయి. కుడి అద్దం అంతకంటె హీనం. చూపు సరిచేసే కడియాల సందుల్లోకి రంగు దిగి, ఎండి, బిగుసుకుంది. తిప్పితే ఒకటి కదలలేదు; రెండోది విరిగింది.

"తప్పయింది అత్తమ్మా" అన్నాడు అధ్యక్షుడు.

"తప్పు సంగతి ఎల్లుండి మాట్లాడుదాం. ముందుగాల ఇది మేడెక్కియ్యి" అన్నదామె.

అయిదున్నరకు నలుగురు కలిసి మా బిల్డింగు మేడ మీదికి ఎక్కించారు. ఆరింటికి కొంగలు మొదలయ్యాయి. తాపీ వైపు నుంచి తెల్లగా, వరుసలు వరుసలుగా, దారాల్లోకి. ఆరు పదికి వలంటీరు అమ్మాయి ఫోను చేసింది. ఇక్కడే పుట్టిపెరిగిన మన తెలుగుపిల్ల.

"అంకుల్, నిచ్చెన గాడీ రెడీ ఉంది. బోలో, ఎక్కడికి జానా హై?"

కళ్లు ఆనించాను. పాలలోంచి చూసినట్టుంది. టవరు మీద తెల్లగా ఒకటి, దానికి కొంచెం కింద మరొకటి. రెండూ ఊగుతున్నాయి. ముక్కు ఎక్కడ, మెడ ఎక్కడ?

"అంకుల్? కౌనసా, ఏది?"

"వదినా, మీరు చూడండి" అన్నాను.

ఆమె చూసింది. ఆయన పక్కన అన్నేళ్లు ఉండి, దాంట్లోంచి చూడడం ఆమెకు అదే మొదటిసారి. చాలాసేపు చూసి తల ఎత్తింది. "పొగ" అన్నది. "పొగలకెల్లి ఏం జెప్పాలె అన్నా?"

"పైది" అని ఫోనులో చెప్పాను. ఊహతో చెప్పాను. నిచ్చెన పైదాని దగ్గరికి వెళ్లింది. అది ఎప్పుడో బిగుసుకుపోయి ఉంది. బండి అక్కడి నుంచి కదలకముందే సూర్యుడు పోయాడు; ఆ తర్వాత ఇరవై నిమిషాలూ మేమూ లోకంతోపాటే గుడ్డివాళ్లం. చుట్టూ మేడల మీద బాణసంచా, పాటలు, "కాప్యో!" అన్న కేకలు. చీకట్లో ఎటువైపో ఒక కొంగ చాలాసేపు అరిచింది. ఎటువైపో చెప్పడానికి చక్రం మీద అంకె కూడా లేదు. మర్నాడు కూడా అలాగే గడిచింది.

పండుగ ముగిసిన మరునాడు అధ్యక్షుడు గ్రైండరుతో నున్నగా చేసిన చక్రం ముందు కూర్చుని, ఉలి పట్టుకుని, గీతలు ఎక్కడెక్కడ ఉండేవో చెప్పమన్నాడు. నేను చెప్పాను, అతను కొట్టాడు. చక్రానికి అరవై గీతలూ తిరిగి వచ్చాయి. అద్దాలు రావు. సూరత్‌లో ముగ్గురికి చూపించాము, ముగ్గురూ చేతులెత్తేశారు.

కిందటి ఉత్తరాయణానికి, ఆయన ఉండగా, మా మేడ చుట్టూ వేలాడిన పక్షులు ముప్పై. ప్రాణంతో దిగినవి పంతొమ్మిది.

ఈ ఉత్తరాయణానికి వేలాడినవి ముప్పై మూడు. నిచ్చెన వెళ్లినది పదకొండింటి దగ్గరికి. అందులో ఏడు అప్పటికే చచ్చి ఉన్నాయి. నిచ్చెన వెళ్లని ఇరవై రెండింటిలో ఆ సాయంత్రాలు ఎన్ని బతికి ఉన్నాయో ఎవరూ చెప్పలేరు. మూడో రోజుకు వాటిలో ఒక్కటీ బతికి లేదు. ప్రాణంతో దిగినవి మొత్తం నాలుగు.